ద్రాక్షతోట పక్క సాలు

మహదేవపురలో మా ఆఫీసు బండ్లు నిలిపే చోట రేకుల పైకప్పు వేశారు. మొన్న సాయంత్రం ఇంటికి బయలుదేరుతుంటే ఆ రేకుల మీద సన్నజల్లు మొదలైంది. పెద్ద వాన కాదు, సరసరమని ఆగకుండా వినిపించే చప్పుడు. అందరూ తడవకుండా పరుగెత్తారు. నేను మాత్రం హెల్మెట్ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వేల పట్టుపురుగులు ఒకేసారి ఆకు తింటుంటే అచ్చం అదే చప్పుడు వస్తుంది. దాన్ని నాకు మొదట వినిపించినవాడు మునిరాజు, దేవనహళ్ళి హైస్కూల్లో నా పక్కన కూర్చున్నవాడు. వాడు పోయి రెండేళ్ళయింది. తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు నవ్వొస్తుంది. అలా ఉండటం వాడికీ ఇష్టమేననుకుంటాను.

నాన్నకు బదిలీ అయితే గుంటూరు నుంచి వచ్చి ఎనిమిదో తరగతిలో చేరాను. క్లాసులో అందరూ కన్నడమే, నాకు ఒక్క ముక్క రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు ఒకడున్నాడని మాస్టారు నన్ను తీసుకెళ్ళి మునిరాజు పక్కన కూర్చోబెట్టారు. తరతరాలుగా ఆ ఊళ్ళోనే పాతుకుపోయిన కుటుంబం వాళ్ళది. తండ్రి లేడు. తల్లి నంజమ్మ ఇంటి వెనక గదిలో పట్టుపురుగులు పెంచేది. ఆ గదే వాళ్ళకు అన్నం పెట్టేది. గడప దగ్గర కాళ్ళు కడుక్కుంటే తప్ప లోపలికి రానివ్వరు, ఆ వాసన పురుగులకు పడదని మొహాన పౌడరు ఉంటే అసలే రానివ్వరు. నేనా, ఆ వయసులో పౌడరు లేకుండా వీధిలోకి అడుగుపెట్టేవాణ్ణి కాను. నంజమ్మ నన్ను ఎగాదిగా చూసి నీళ్ళతొట్టి వైపు వేలు చూపించింది. నేను వెళ్ళిన రోజున పురుగులు ఆకు ముట్టకుండా తలలెత్తుకుని కదలకుండా ఉన్నాయి. చర్మం విడిచే ముందు అవి అలాగే ఉంటాయి, దాన్ని అక్కడ జ్వరం అంటారు. వీటికి జ్వరమని ముని చెబితే మాత్రలేమైనా వేశారా అని అడిగాను. ఇక అంతే. బడి అయిపోయేదాకా నాకు ఎప్పుడు జలుబు చేసినా వాడు గుప్పెడు మల్బరీ ఆకు తెచ్చి చేతిలో పెట్టేవాడు.

తొమ్మిదో తరగతిలో ఒక ఆదివారం జరిగింది అసలు సంగతి. పురుగులకు నాలుగో జ్వరం విడిచింది. ఆ తర్వాత వారం రోజులు అవి రాక్షసుల్లా తిని గూళ్ళు కడతాయి. పంట చేతికొచ్చే వేళన్నమాట. నంజమ్మ సంతకు వెళ్ళింది. ముని పెరట్లో వెదురు తడికలు కడుగుతున్నాడు. ఊరికే కూర్చోవడం ఎందుకని కొడవలి తీసుకుని నేను వాళ్ళ మల్బరీ తోటలోకి దిగాను. చివరి సాలులో ఆకు దట్టంగా నిగనిగలాడుతోంది. అంత మంచి ఆకును ఎవరూ ముట్టకుండా ఎందుకు వదిలేశారో నాకు తట్టలేదు. ఆ సాలును ఆనుకుని వేరేవాళ్ళ ద్రాక్షతోట ఉంది. ద్రాక్షకు మందు కొడితే గాలికి తుంపర వచ్చి దీనిమీద పడుతుంది. ఆ ఆకు పురుగులకు విషమని ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గుంటూరు పండితుడికి తెలియదు. మోపెడు కోసుకొచ్చి మూడు తట్టల్లో నేనే పరిచి, ఎంత పని చేశానో అని మురిసిపోయాను కూడా.

కాసేపటికి ఆ తట్టల్లో చప్పుడు ఆగిపోయింది. చూస్తే పురుగులు తలలు అటూ ఇటూ ఊపుతూ పచ్చటి రసం కక్కుతున్నాయి. ముని పరుగున వచ్చి ఒక ఆకు తీసి వాసన చూశాడు, నా మొహం చూశాడు. నేను ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎవురు కోసింది తర్వాత మాట్లాడదాం లేప్పా. బాగుండేవి ఇంకా ఉండాయి. ముందు వాట్ని పక్కన పెడదాం రా.”

ఆకంతా తీసేశాం. చేతులు కడుక్కుని, ఇంకా బతికున్న పురుగులను ఒక్కొక్కటే ఏరి వేరే తట్టల్లోకి మార్చాం. నంజమ్మ తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె గదిలోకి చూసి, తోటలోకి వెళ్ళి వచ్చి, పక్క సాలు కోసింది ఎవరని అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను నా చేతులు చూసుకున్నాను. మరిచిపోయి తనే కోశానని ముని చెప్పాడు. ఆమె వాణ్ణి చాలాసేపు తిట్టింది. నేను నోరు తెరవలేదు. పంటలో సగమే దక్కింది. సిగ్గుతో నాలుగు రోజులు అటువైపు పోలేదు. అయిదో రోజు వాడే మా ఇంటికొచ్చి, ఆకు ఎట్లా కొయ్యాలో నేర్పిస్తా పద అన్నాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పోయినేడు మా టీములోని అమ్మాయి పొరపాటున కస్టమర్ల వివరాలున్న ఫైళ్ళు చెరిపేసింది. నా దగ్గరకొచ్చి, “సర్, మిస్టేక్ నాదే” అంది. పైవాళ్ళు అప్పటికే పేరు చెప్పమని ఫోను మీద ఫోను చేస్తున్నారు. ముందు మిగిలినవి ఏమున్నాయో చూద్దాం, కూర్చోమ్మా అన్నాను. ఆఫీసులో నన్ను నిదానస్తుడని అంటారు. ఆ నిదానం నాది కాదని వాళ్ళకు తెలియదు.

చదువులయ్యాక నేను నగరంలో స్థిరపడ్డాను, వాడు తోట చూసుకున్నాడు. వీలైనప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. ప్రతిసారీ నంజమ్మకు నిజం చెప్పాలనుకునేవాణ్ణి. ఆమె రాగిముద్ద, చారు వడ్డించేది. నేను తిని వచ్చేసేవాణ్ణి. అలా ముప్ఫై ఏళ్ళు గడిచాయి. ఒక ఉదయం గుండెపోటుతో ముని పోయాడు. పదకొండో రోజు జనమంతా వెళ్ళాక నంజమ్మ పక్కన కూర్చున్నాను. ఇప్పుడూ చెప్పకపోతే ఇక వాడి మంచితనం మీద నా అబద్ధమే మిగిలిపోతుందనిపించింది. ఆ రోజు ఆకు కోసింది నేనేనని చెప్పేశాను.

ఆమె ఆశ్చర్యపోలేదు.

“ఆ దినమే తెలుసు కదప్పా నాకు. మా ముని కోస్తే కొమ్మ నున్నగా తెగుంటాది. నువ్వు కోసింది ఎలుక కొరికినట్టుండాది.”

అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. మరి నన్నెందుకు ఒక్క మాటా అనలేదని అడిగాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“అడగాలనే ఉంటి. నువ్వు పోయినాక ముని నా చెయ్యి పట్టుకున్నాడు. ‘వాన్ని ఏమీ అనొద్దు మ్మా. అంటే వాడు మళ్ళా మనింటికి రాడు’ అన్నాడు.”

అప్పుడు నేను ఏడ్చాను. దాచుకోకుండా, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. కానీ ఆ సాయంత్రం బస్సులో తిరిగి వస్తుంటే మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. క్షమించినందుకు కాదు. పద్నాలుగేళ్ళ పిల్లవాడికి సగం పంట పోయిన రోజున కూడా నేను దూరం కాకుండా ఉండటమే కావలసి వచ్చిందని తెలిసినందుకు.

ఇప్పుడు నెలలో ఒక ఆదివారం దేవనహళ్ళి వెళ్తాను. ఆ గదిలో పురుగులు లేవు, నంజమ్మ అందులో రాగులు నిల్వ పోసుకుంటోంది. నాకు అక్కడ ఏం పని అని మా ఆవిడ అడగడం మానేసింది. పనేమీ లేదు. నేను ఇక రానేమోనని ఒకడు భయపడ్డాడు. అందుకని వెళ్తాను.