టీచరమ్మ చదివిన పేరు

మా పక్కింటి టీచరమ్మ పోయింది. నేను పొయ్యి దగ్గర సంగటి గెలుకుతుంటే మా అత్త వాకిట్లోంచి వచ్చి, "టీచరమ్మ ఇంగ లేదంటమ్మా. తెల్లారి లేపితే పలకలేదంట" అని చెప్పింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమెతో నాకొక తగువుంది. అది తీరకుండానే వెళ్లిపోయింది. పోయిన మనిషి గురించి ఇలా మొదలుపెట్టకూడదని తెలుసు. కానీ మనసులో ఉన్నది ఉన్నట్టు రాయమని నాకు నేర్పింది ఆమే.

నేను పలమనేరు వైపు నుంచి కేజీఎఫ్‌కు కోడలిగా వచ్చినదాన్ని. మా అత్తగారింట్లో మాట్లాడేది తెలుగే గానీ అందరూ చదివింది కన్నడ బడిలో. టీచరమ్మా అంతే. కన్నడం పాఠాలు చెప్పి రిటైరైంది. "నాకు మాట తెలుగు, రాత కన్నడం, తిట్టేది మాత్రం అరవం" అని తన మీద తనే నవ్వుకునేది. బడి వదిలాక కూడా కొంగుకు సుద్దముక్క ముడేసుకునే అలవాటు పోలేదు. వీధిలో ఆడుకునే పిల్లల్ని పట్టుకుని గచ్చు మీద ఒత్తులు దిద్దించేది. మా అత్త ఇచ్చే కాఫీలో చక్కెర చాలలేదని రోజూ వంక పెట్టి, రోజూ గ్లాసు ఖాళీ చేసేది.

నా బిడ్డ పురిటిలోనే పోయింది. ఆడపిల్ల. ఇంటికొచ్చాక ఎవరూ ఆ ఊసెత్తలేదు. "తలుచుకోవద్దమ్మా, తలుచుకుంటే ఇంగో బిడ్డ నిలవదు" అని అత్త ఒకసారి అని ఊరుకుంది. మా ఆయన పొద్దున్నే బెంగళూరు రైలెక్కితే దీపాలు పెట్టాకే ఇల్లు చేరేవాడు. నాకు అన్నం సయించేది కాదు, నోరు పెగిలేది కాదు. అప్పుడు టీచరమ్మ ఒక నోటుబుక్కు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"రాయమ్మా. తప్పులు దిద్దేకి కాదు, బరువు దించుకునేకి."

"ఎవురన్నా చదివితే?"

"నీ తెలుగు రాత ఈ ఇంట్లో ఎవురికొస్తాదమ్మా? నాకే రాదు."

నమ్మాను. అందుకే దాచుకోకుండా జగలి మీద, అంటే మా వీధి అరుగు మీదే కూర్చుని రాసేదాన్ని. బిడ్డ లేకపోయినా పాలు పడి రొమ్ములు సలుపుతున్నాయని రాశాను. అత్త మీద కోపం రాశాను. ఆసుపత్రిలో చూసిన చిన్ని వేళ్ల గురించి రాశాను. ఒక పేరు కూడా రాశాను. బిడ్డకు నేను మనసులో పెట్టుకున్న పేరు, మా ఆయనకు కూడా చెప్పనిది. మీకూ చెప్పను. రాయగా రాయగా ఆకలి తెలిసింది. టీచరమ్మ ఒకరోజు వీధికుక్కను అరవంలో తిడుతుంటే నవ్వు కూడా వచ్చింది. ఆ పుస్తకం నన్ను మళ్లీ మనిషిని చేసింది, అందులో అబద్ధం లేదు.

ఒక శుక్రవారం అత్త దేవుడి ముందు దీపం పెడుతూ ఆ పేరు పలికింది. ఆ పేరుతో పిలిచి, "యాడుండినా చల్లగా ఉండు తల్లీ" అంది. అత్త మంచి మనసుతోనే అంది, ఆమె కళ్లలో నీళ్లున్నాయి. కానీ ఆ పేరును మొదటిసారి పైకి పిలవాల్సింది నేను. నాదంటూ మిగిలింది అదొక్కటే.

వెళ్లి అడిగితే టీచరమ్మ బుకాయించలేదు. "నువ్వు పొయ్యి మీద పాలు దించేకి లోపలికి పోయినప్పుడు చదివినాను. కన్నడం వచ్చినోళ్లకు తెలుగు కూడబలుక్కునేది ఏమంత కష్టమమ్మా?" అంది. నేనూ బజారులో కన్నడం బోర్డులు అలాగే చదివేదాన్ని. అయినా ఆమె రాదంటే రాదనే అనుకున్నాను.

"మా అత్తకు ఎందుకు చెప్పినారు?"

"ఆయమ్మా లోపల్లోపల ఏడస్తా ఉండింది. ఒకే ఇంట్లో ఇద్దురూ వేరే వేరేగా ఏడస్తా ఉంటే నేను చూడలేకపోయినాను."

మాట బాగానే ఉంది. నన్నొక్క మాట అడిగి ఉంటే ఇంకా బాగుండేది. క్షమించమని ఆమె అనలేదు, నేనూ క్షమించలేదు. పలకరింపులు ఆగలేదు, కాఫీ ఆగలేదు. నా రాత మాత్రం ఆగిపోయింది. "రాస్తా ఉండావా?" అని అప్పుడప్పుడు అడిగేది. లేదనేదాన్ని. కొంగు ముడి విప్పి, ఊరికే మళ్లీ వేసుకునేది. అత్తా నేనూ ఇప్పుడు బిడ్డ గురించి మాట్లాడుకుంటాం, కలిసి ఏడుస్తాం కూడా. అది ఆమె చేసిన ద్రోహం పుణ్యమే. ఆ మాట ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.

ఆమెను సాగనంపిన మర్నాడు కొత్త నోటుబుక్కు తీసుకుని జగలి మీద కూర్చున్నాను. తగువంతా రాశాను. నమ్మించి మోసం చేశారని రాశాను. మీరు లేకపోతే నేను లేచి తిరిగేదాన్ని కాదని కూడా రాశాను. చివర నా బిడ్డ పేరు రాశాను. లోపల పొయ్యి మీద పాలున్నాయి. పుస్తకం మూయకుండా అక్కడే వదిలి లేచాను.

"చదువుకోండి టీచరమ్మా" అన్నాను. "ఇంగ ఎవురికి చెప్తారో చూస్తాను."

పాలు దించాను. ఆమె కూడబలుక్కుని చదవడానికి పట్టేంతసేపు బయటికి రాలేదు.