సవేత అవ్వ ఉల్లిపొరలు

బిర్లాద్ లోయలో సవేత అవ్వ ఇప్పుడు తలగుడ్డ కళ్లమీదికి లాక్కుని నీళ్లకు పోతుంది. ఏటా కొత్త సంవత్సరం ముందురోజు నెలకొక ఉల్లిపొర కిటికీలో పరిచి ఉప్పు చల్లుతుంది. తెల్లారి ఏ పొరలో నీరూరితే ఆ నెలలో వాన. ఊరు ఆ మాట మీదే విత్తేది. నిరుడు మే పొర నిండింది, మేలో చినుకు రాలలేదు. పొరుగింటి గవ్రిల్ మొక్కజొన్న మొలకలోనే మాడింది. అతను పల్లెత్తు మాట అనలేదు. ఈ జనవరిలో, మంచుండాల్సిన వాకిట్లో ఈగలు ముసురుతుంటే, అతనే వచ్చాడు.

"ఏమంటోందవ్వా నీ ఉల్లి? మేలో పడుతుందా?"

పొరలన్నీ పొడిగానే ఉన్నాయి. "బూట్లు విప్పి రా నాయనా," అంది. అతను వంగగానే చెంబులో వేలు ముంచి మే పొరలో విదిల్చింది. "చూడు, పడుతుంది."

గవ్రిల్ ఆమె తడివేలిని చూశాడు. "అలాగేలే అవ్వా, విత్తుతాను," అన్నాడు. అతను మళ్లీ బూట్లు తొడుక్కునేదాకా అవ్వ తల ఎత్తలేదు.