భూమన్న వదిలిన జాగా

కోరుట్ల బస్టాండు వెనుక సందులో భూమన్న ఫోటో స్టూడియో ఉంది. గల్ఫ్‌లో ఉన్న మనిషిని ఇక్కడి కుటుంబం ఫోటోలో కలిపి ఇవ్వమని అడిగేవాళ్లు ఇప్పటికీ ఆ మెట్లు ఎక్కుతుంటారు. భూమన్న ఆ పని మానేశాడు. ఎందుకని అడిగితే "కండ్లు ఆనుతలేవు" అంటాడు. కళ్లకేం లేదు, దారాన్ని సూదిలోకి ఒక్కసారే ఎక్కిస్తాడు. అసలు సంగతి నాకు తెలుసు, ఆ రోజు నేను ఆయన పక్కనే ఉన్నాను.

నేను ‘మన కాలనీ’ అనే మాసపత్రికలో రాస్తాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల చుట్టూ వెలసిన కొత్త కాలనీల్లో, కాస్త కలిగినవాళ్ల ఇళ్లకు ఊరికే పంచే పత్రిక అది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. యజమాని అరవింద్‌కు టైల్స్ షోరూం ఉంది. ఆయన దగ్గర టైల్స్ కొన్న ఇల్లు మా పత్రికలో అందమైన ఇల్లు అవుతుంది. పక్క షాపులో కొన్న ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా మాకు కనిపించదు. పత్రిక నిండా ఫాల్స్ సీలింగులు, మాడ్యులర్ కిచెన్లు, మొటిమలు పోగొట్టే క్లినిక్కులు, పిల్లల పుట్టినరోజు కేకులు. ‘ఈ నెల ఇల్లు’ అనే పేజీ నాది. ఒక సోఫా రంగు గురించి అరపేజీ రాసిన చేతులివి, ఇంకేం చెప్పను.

ఆ పేజీకి ఫోటోలు తీసేది భూమన్న. ఎల్లంతకుంట ఆయన ఊరు. తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. భూమన్న వయసులో ఉండగా మస్కట్ పోయి, ఒక స్టూడియోలో ఊడ్చే పనికి కుదిరి, మెల్లగా కెమెరా పట్టడం నేర్చుకున్నాడు. అక్కడ ఉండగానే తండ్రి తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. సెలవు దొరకలేదు. చాన్నాళ్లకు ఆ చావు ఫోటోలు పోస్టులో వచ్చాయి.

"తెల్సి తెల్సి నన్ను నేనే దేవులాడుకున్న మేడం. గా మందిల యాడనన్న ఉన్ననా అని" అన్నాడు ఒకసారి, టీ తాగుతూ. అని నవ్వాడు.

మా కాలనీల్లో చాలా ఇళ్లు గల్ఫ్ చెమటతో లేచినవే. ఇల్లు కట్టిన మనిషి లేకుండా ఇంటి ఫోటో వేస్తే ఆడవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. వేరే స్టూడియోల వాళ్లయితే పాత ఫోటోలోంచి మనిషిని కోసి అతికిస్తారు. అతను ఎన్నికల ఫ్లెక్సీ మీది నాయకుడిలా ఎటో చూస్తూ నిలబడతాడు. భూమన్న పద్ధతి అది కాదు. కుటుంబాన్ని నిలబెట్టి, మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదులుతాడు. "గాడ మనిషి ఉన్నట్టే అనుకోండ్రి, సందు మూయకుండ్రి" అంటాడు. వెలుగు ఏ కిటికీ నుంచి పడుతుందో చూసుకుంటాడు. తర్వాత గల్ఫ్‌లో ఉన్న మనిషికి ఫోన్ చేస్తాడు. ఏ చొక్కా తొడగాలో, ఏ గోడకు నిలబడాలో, ముఖం ఎటు తిప్పాలో చెబుతాడు. పక్కన పిల్లలుంటే, "చెయ్యి లేపి గాలిల పెట్టు తమ్మీ, గాడ నీ బిడ్డ భుజం ఉన్నదనుకో" అంటాడు. అక్కడ రూంలో ఉండే తోటివాడెవరో ఫోన్‌తో ఫోటో తీసి పంపుతాడు. భూమన్న రెండింటినీ కలిపాక ఆ మనిషి ఆ ఇంట్లో పొద్దున లేచి టీ తాగి వచ్చి నిలబడ్డట్టు ఉంటాడు.

ఇది మోసం కాదా అని నేను ఒకసారి కొంచెం కటువుగానే అడిగాను. "ఇల్లు ఆయనదే, పెండ్లాం ఆయనదే, బిడ్డ ఆయనదే. నేను జాగ ఇచ్చిన, గంతే" అన్నాడు.

అలా చేసిన ఇళ్లలో దేవేందర్ ఇల్లు ఒకటి. దేవేందర్ షార్జాలో క్రేన్ నడిపేవాడు. కోరుట్ల బైపాసు దగ్గరి కాలనీలో రెండంతస్తుల ఇల్లు కట్టించాడు. పునాది ఫోన్‌లో చూశాడు, స్లాబు ఫోన్‌లో చూశాడు, గృహప్రవేశం కూడా ఫోన్‌లోనే చూశాడు. కూతురు గీత మూడేళ్లప్పుడు పోయినవాడు మళ్లీ రాలేదు. ఒకసారి కంపెనీ మారాడు, ఒకసారి సెలవు రద్దయింది, ఇంకోసారి ఇంటి పని నడుస్తోందని తనే ఆగిపోయాడు. మేం పోయేసరికి గీత రెండో తరగతి. తల్లి సరిత పట్టుచీర కట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది, పక్కన జాగా, జాగా పక్కన గీత. పిల్ల ఆ ఖాళీలోకి ఒకటి రెండుసార్లు తల తిప్పి చూసింది. భూమన్న ఓపికగా మళ్లీ తీశాడు.

ఫోటో ముఖచిత్రంగా వచ్చింది. దేవేందర్ నీలం చొక్కాలో, కూతురి భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ. ‘తానే దగ్గరుండి కట్టించుకున్న కల’ అని నేను శీర్షిక పెట్టాను. సరిత దాన్ని పెద్దగా చేయించి హాల్లో పెట్టుకుంది.

వర్షాకాలం మొదట్లో దేవేందర్ చనిపోయాడు. పడుకున్నవాడు లేవలేదని తోటివాళ్లు ఫోన్ చేశారు. కాగితాలు తెమిలి శవం ఉన్న పెట్టె హైదరాబాద్ చేరి, అక్కడి నుంచి అంబులెన్సులో కోరుట్లకు వచ్చేసరికి ఏడ్చేవాళ్లు కూడా అలిసిపోయారు. ఆ ఇంటి గడప అతను మొదటిసారి అలా చేరాడు. అరవింద్ ఫోన్ చేసి ‘శ్రద్ధాంజలి’ పేజీ వేద్దామా, కింద షోరూం పేరు చిన్నగా పెడదాం అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

కర్మల చివరి రోజు, దినాలనాడు పొద్దున సరిత భూమన్నకు ఫోన్ చేసింది. అప్పుడు నేను స్టూడియోలోనే ఉన్నాను.

"అన్నా, జర వచ్చిపో. గీత తండ్రి పటం కాడికి వస్తలేదు. పెట్టె వచ్చిననాడు గూడ రాలే. పువ్వు పెట్టు బిడ్డా అంటే పెట్టనంటది. నిన్నే అడుగుతదట."

ఇద్దరం బయల్దేరాం. ఇంటి ముందు టెంటు వేశారు, వంటలవుతున్నాయి. హాల్లో దండ వేసిన పటం ముందు అందరూ పూలు పెట్టి పక్కకు జరుగుతున్నారు. పిల్ల మాత్రం మేడ మెట్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఇంకాసేపట్లో అన్నీ తీసేస్తారు, కూతురి చేతి పువ్వు లేకుండానే తండ్రిని సాగనంపినట్టవుతుంది. సరిత భయం అదే.

భూమన్న కింది మెట్టు మీద కూర్చున్నాడు. "ఏంది బిడ్డా" అన్నాడు.

గీత ఆయన ముఖం చూడకుండానే అడిగింది. "ఫోటో తీసినప్పుడు డాడీ లేడు గద తాతా?"

"లేడు."

"మరి ఫోటోల డాడీ చెయ్యి కింద ఎవ్వలుండె?"

మాకు అర్థం కాలేదు. పిల్ల ముక్కు తుడుచుకుని మళ్లీ చెప్పింది. ఆ ఫోటో అతికించిందని చుట్టాల పిల్ల ఒకతి చెప్పిందట. షార్జాల మీ డాడీకి ఇంకో బిడ్డ ఉన్నది, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగిండు, మీ ఫోటో తాత ఆ పిల్లను కోసేసి నిన్ను పెట్టిండు అన్నదట. పిల్ల అన్ని రోజులూ అదే కడుపులో పెట్టుకుని తిరిగింది. చచ్చిపోయిన తండ్రి మీద అలిగింది.

నాకు ఆ చుట్టాల పిల్లను లాగి కొట్టాలనిపించింది, ఆ మాటంటే తప్పో ఒప్పో.

భూమన్న మెల్లగా అన్నాడు. "ఎవ్వలు లేరు బిడ్డా. ఉత్త గాలే ఉండె."

"అబద్ధం. ఉత్త గాలి మీద చెయ్యి ఎట్ల పెడ్తరు?"

ఆయన జేబులోంచి ఫోన్ తీసి చాలాసేపు వెతికాడు. దొరికాక పిల్ల చేతికిచ్చాడు. నేనూ వంగి చూశాను. సున్నం వేసిన గోడ, పక్కన తాడు మీద ఆరేసిన బట్టలు, నీలం చొక్కాలో దేవేందర్ ఒక్కడే. పక్కన ఎవరూ లేరు. అతని చెయ్యి మాత్రం మా పత్రికలో ఉన్నంత ఎత్తులో లేదు. బాగా కిందికి, తొడ దగ్గర, అరచెయ్యి బోర్లించి ఆగి ఉంది.

"గింత కిందికి ఎందుకు పెట్టిండు?" అంది గీత.

"నువ్వు గంతనే ఉన్నవనుకున్నడు. ఆయన పోయిననాడు గంతనే ఉంటివి. ఫోన్ల ముఖమే కనవడ్తది గని ఎత్తు కనవడదు గద. ‘గిది కాదు తమ్మీ, నీ బిడ్డ పెద్దగైంది, చెయ్యి పైకి లేపు’ అన్న. ‘ఏడికి లేపాలన్నా’ అని అడిగిండు. చెప్పిన. మల్ల దిగిండు. గా రెండోదే నేను పెట్టిన."

పిల్ల ఫోన్ మెట్టు మీద పెట్టి, "ఎంత కిందికి, నువ్వు చూపెట్టు" అంది.

భూమన్న లేచి నిలబడి, తన తొడ దగ్గర చెయ్యి బోర్లించి పట్టాడు. గీత దిగి వచ్చి ఆయన పక్కన నిలబడింది. చెయ్యి ఆమె నడుం దగ్గరే ఉంది. పిల్ల మోకాళ్లు వంచింది, ఇంకాస్త వంచింది, తన భుజం ఆ అరచేతి కిందికి వచ్చేదాకా.

"గిప్పుడు డాడీకి అందుతున్ననా, తాతా?"

"అందుతున్నవ్ బిడ్డా" అన్నాడు భూమన్న.