లాభం, రెండు, మూడు

పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ కింద నీళ్ళ మోటరు వేస్తారు. స్టార్టరు ఒక్కోరోజు వెంటనే పట్టుకోదు. టక్, టక్, టక్ అని మూడుసార్లు కొట్టుకుని, అప్పుడు గుయ్‌మని అందుకుంటుంది. ఆ చప్పుడు వినగానే చేతిలో పాలగిన్నె ఉన్నా సరే, అలాగే నిలబడిపోతాను. మా ఆయన చూసి నవ్వుతాడు. ఆయన సుగుణక్కను ఎరగడు కాబట్టి నవ్వగలడు.

2012లో నేను తెనాలి నుంచి వచ్చి శంషాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరాను. కింద టైర్ల దుకాణం, పైన మేము. చుట్టుపక్కల ఊళ్ళలో విమానాల మోత ఎంత ఉందో కొలవడం మా పని. పొలాల్లో, మేడల మీద కర్రలకు మైకులు కట్టి ఉండేవి. అవి మాటలు రికార్డు చేయవు. సెకనుకోసారి అక్కడ చప్పుడు ఎంత ఉందో ఒక అంకె పంపుతాయి, అంతే. ఆ అంకెలను పైథాన్‌లో వరుసలుగా పేర్చి, తెర మీద గీతలుగా గీయాలి. అలా పేర్చినదాన్ని అర్రే అంటారు. నాకది ఓ పట్టాన బుర్రకెక్కలేదు. నేర్పవలసిన బాధ్యత మా పై అధికారి సుగుణది. తొండుపల్లి రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. "మేడమ్, అర్రే అంటే ఏమిటండీ?" అని మర్యాదగా అడిగాను. "మేడమేంది, అండీ ఏంది? అక్క అను. అరే అని పిలువు, అదే పలుకుతది" అంది. ఆ వెక్కిరింతతోనే నాకు సగం భయం పోయింది.

మొదటి వరుసను ఒకటి అనకుండా సున్నా అంటారెందుకని ఇంకోరోజు అడిగాను. అక్క తన కుర్చీ నా పక్కకు లాక్కుంది. "మా అన్న వడ్లు కొలిస్తే మొదటి కుంచాన్ని ఒకటి అనకపోయేది. లాభం అనేటోడు. లాభం, రెండు, మూడు. గిది గూడ గంతే అనుకో పిల్లా, మొదటిదానికి లెక్క పెట్టరు" అంది. అప్పటి నుంచి మా ఇద్దరికీ సున్నా వరుస పేరు లాభం వరుస. అది వాళ్ళ అన్న పొలంలో ఉన్న మైకుది. ఆ అన్న నర్సింహ అంతకుముందు వానాకాలం కరెంటు కొట్టి చనిపోయాడు. బోరు మోటరు స్టార్టరు పట్టుకోక మూడుసార్లు దగ్గేదట. తెల్లవారుజామున తడి చేత్తో ఆ ఇనుప డబ్బా మీద బటన్ అదిమిపట్టి, అలాగే పోయాడు. "ఆ మోటరు మొకం ఇంట్ల ఎవ్వరం చూడలేకపోయినం. మోటరు, డబ్బా రెండూ మా బాపు కాటేదాన్‌ల పాతసామాను దుకాణానికి ఇచ్చేసిండు" అంది. అంత మాట చెప్పి, మళ్ళీ నా కోడులో తప్పులు వెతకడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకు అన్ని మైకుల అంకెలూ ఒకే చోట ఉండేలా అక్క కొత్త కోడు రాసింది. ముందు లాభం వరుస గీయమంది. గీశాను. తెల్లవారే వేళకు గీత మూడుసార్లు చిన్నగా ఎగిరి పడింది, ఆ తర్వాత పైకెక్కి చాలాసేపు బల్లపరుపుగా సాగింది. నాకేమీ తెలియలేదు. అక్క మాత్రం టీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఎప్పటిదిది?"

"ఈ రోజు పొద్దుటిదే అక్కా."

"ఆడ మోటరు లేదు పిల్లా. కరెంటు వైరు సుత లేదు."

నిన్నటిది గీశాం. మొన్నటిది గీశాం. ప్రతి పొద్దునా అదే వేళకు ఆ మూడు దగ్గులు, ఆ హోరు. పట్టపగలు, కింద టైర్లకు గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయినా ఆ తెరకేసి మళ్ళీ చూడాలంటే నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఇద్దరం పొలానికి వెళ్ళాం. మంచులో దూరంగా విమానాల దీపాలు దిగుతున్నాయి. మోటరు ఉండిన చోట ఒట్టి సిమెంటు గద్దె, తుప్పుపట్టిన బోల్టులు. అక్క మైకు దగ్గరికి వెళ్ళి రెండు చప్పట్లు కొట్టింది. "మనం వచ్చినమని రాసుకోనీ" అంది. ఎండ ఎక్కేదాకా గద్దె మీద కూర్చున్నాం. ఏ మోటరూ మోగలేదు. కానీ నా వెనక ఎవరో నిలబడి ఉన్నట్టే ఉంది, తిరిగి చూడలేకపోయాను.

"భయమైతాందా?"

"అవునక్కా."

"నాక్గూడ. అయినా వస్తే మా అన్ననే గదా."

ఆఫీసుకు వచ్చి గీస్తే, మేం అక్కడ కూర్చున్న వేళకే మూడు దగ్గులూ హోరూ ఉన్నాయి. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. అక్క మాత్రం గీతకు ముక్కు ఆనించి వెతుకుతోంది. "మరి నా చప్పట్లేవి?" అంది. గబగబా మిగతా వరుసలన్నీ గీసింది. అన్నీ ఒకటే. నెత్తి కొట్టుకుంది. పొరపాటు తనదే. ఒక ఖాళీ వరుస రాసి, మైకులెన్ని ఉంటే ఆ అంకెతో దాన్ని గుణించింది. పైథాన్ అలా గుణిస్తే వేరువేరు వరుసలు పుట్టవు, ఒకే వరుసకు అన్ని పేర్లు పడతాయి. దేన్లో రాసినా అన్నింట్లో రాసినట్టే. అందుకని చివర రాసిన మైకు అంకెలు ముందువాటన్నింటి మీదా కూర్చున్నాయి. దయ్యం కాదన్నమాట, హమ్మయ్య అనుకున్నాను. అక్క మొహం మాత్రం ఇంకా పాలిపోయింది.

"ఏ మోటరైనా కావచ్చు కదక్కా?"

"గా దగ్గు నాకెరుక. గది మా డబ్బనే. మల్ల ఎవరో ముడుతున్నరు."

చివరి మైకు పాల్మాకుల వైపు ఒక జామతోటలో ఉంది. అక్క స్కూటీ అంత వేగంగా నడపడం నేనెన్నడూ చూడలేదు. మేం చేరేసరికి మధ్యాహ్నం విడత కరెంటు అప్పుడే వచ్చినట్టుంది, కొట్టంలో బల్బు వెలుగుతోంది. తోట యజమాని యాదయ్య, అరవై దాటిన మనిషి, కాలువలో చేతులు కడుక్కుని స్టార్టరు దగ్గరికి నడుస్తున్నాడు. అక్క బండిని కింద పడేసి పరుగెత్తింది. "అన్నా! ముట్టకు! అన్నా!" అని అరిచింది. తండ్రి వయసు మనిషిని అన్నా అని పిలిచిన సంగతి ఆమెకు తెలియనే లేదు.

యాదయ్య బెదిరి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "రోజూ జర జిల్లుమంటది బిడ్డా. అలవాటైంది" అన్నాడు. అక్క ఆయన దగ్గరున్న టెస్టరు అడిగి డబ్బాకు ఆనించింది. ఎర్రగా వెలిగింది. బటన్ మీద ఒక నీలం రబ్బరు ముక్క అరిగి చిరిగిపోయి ఉంది. "నా చెప్పుది" అంది అక్క. "షాక్ కొట్టొద్దని అన్ననే కోసి అతికిచ్చిండు." అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. పాపం యాదయ్యకు ఏమీ అర్థం కాలేదు, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. సాయంత్రంలోగా మెకానిక్‌ను పిలిపించి, కొత్త డబ్బా పెట్టించాకే మేం కదిలాం.

మరుసటి రోజు అక్క కోడు దిద్దింది. ప్రతి మైకుకూ దాని వరుస దానికే విడిగా పుట్టేలా రాసి, మైకులు పంపిన పాత అంకెలను మళ్ళీ నింపింది. లాభం వరుసలో ఇప్పుడు మోటరు లేదు. మేం కూర్చున్న పొద్దున గీత నేలబారుగా ఉంది, మొదట్లో మాత్రం చప్పట్లు లేచాయి. అక్క వేలు పెట్టి లెక్కపెట్టింది.

"లాభం, రెండు, మూడు."

వేలు అక్కడే ఆగిపోయింది. "నువ్వు గూడ కొట్టినవా?"

"లేదక్కా."

మైకు లోపమేమో, ఏ పిట్టో కర్ర మీద వాలిందేమో అన్నాను. "అయ్యుండొచ్చు" అంది. ఆమె మొహంలో భయం లేదు. మొదటి దాన్ని వేలితో ఒకసారి తాకి, "ఇగ ఉండనీ" అంది.

ఆ ఉద్యోగం వదిలి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు ఇంకోచోట ఇదే పని చేస్తున్నాను. అక్క నేర్పిన అలవాటు మాత్రం పోలేదు. ఏ మైకు పంపిన అంకెలనైనా నమ్మేముందు దాని ఎదుట నిలబడి రెండు చప్పట్లు కొడతాను. తర్వాత వచ్చి తెర మీద లెక్కపెట్టుకుంటాను. ఇంతవరకూ ఎప్పుడూ రెండే ఉన్నాయి. రెండే ఉన్న ప్రతిసారీ నాకు కాస్త దిగులేస్తుంది.