తవుడుకు కొన్న బిడ్డ

మా పెద్దది ఏడో నెలలోనే పుట్టింది. నేను పెళ్లయి ధర్మవరం వచ్చిన రెండో ఏడు అది. రెండు అరచేతుల్లో ఇమిడేంత బిడ్డ. ఏడుపు కూడా పిల్లికూన ఏడుపే. మంత్రసాని ముఖం చూసి నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

మా అత్త మాత్రం కంగారు పడే మనిషి కాదు. బిడ్డను పాత మెత్తటి చీరలో చుట్టి చేటలో పడుకోబెట్టింది. చారెడు తవుడు తెచ్చి నా ఒళ్లో పోసింది.

"కొనుక్కున్యా. ఇంక ఇది నా బిడ్డ, నీది కాదు" అంది.

బతకదనుకున్న బిడ్డను తవుడుకు కొంటే, విలువలేని దాన్ని ఎందుకులే అని చావు వదిలేసి పోతుందని మా ఇళ్లలో నమ్మకం. అమ్మేసినదాన్ని కాబట్టి నేను ముద్దు చేయకూడదు, అమ్మా అని పిలవడం నేర్పకూడదు. పాలు మాత్రం నావే కావాలి! ఇదేం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయినా భయంతో నోరు మూసుకున్నాను. పాలిచ్చేటప్పుడు గోడకేసి చూసేదాన్ని.

బిడ్డ బతికింది. ఆలస్యంగా కూర్చుంది, ఆలస్యంగా నడిచింది. మాట మాత్రం రాలేదు. సాటి పిల్లలు వసపిట్టల్లా వాగుతుంటే ఇది కళ్లు పెద్దవి చేసుకుని చూసేది. "మూగదేమో చూపించుకోమ్మే" అని పక్కింటామె అంటే ఆమెతో చాలా రోజులు మాట్లాడలేదు. కానీ ఆ భయం నాకూ ఉంది.

రైలెక్కి హిందూపురంలో ఒక డాక్టరుకు చూపించాం. ఆయన బిడ్డ వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. ఠక్కున తిరిగింది.

"చెవులు బాగుండాయమ్మా. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మాట నిదానంగా వస్తాది. ఇంట్లో దానితో బాగా మాట్లాడతాండారా?" అన్నాడు.

అమ్మేసిన బిడ్డని నేను దాన్ని నోరారా పలకరించిందే లేదు. తిరుగు రైలులో పెనుకొండ దాటేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఇంటికి రాగానే మా అత్తతో చెప్పాను. ఆమె "మాట్లాడుకో. అమ్మా అని మాత్రం పిలిపించుకోవద్దు" అంది.

వాగడం నాకు చేతకాని పని కాదు, మా ఆయన్ను అడిగినా చెబుతాడు. ఆయన మగ్గం నేస్తుంటే నేను పక్కన కూర్చుని కండెలకు పట్టు చుట్టేదాన్ని. బిడ్డను ఒళ్లో పెట్టుకుని, ఇది ఎరుపు, ఇది జరీ, అదిగో మీ నాయన అంటూ పొద్దంతా చెప్పేదాన్ని. కండెకు చుట్టిన పట్టు అయిపోయినప్పుడల్లా మా ఆయన ఖాళీ కండె నా వైపు చాచి "ఏమే" అనేవాడు. మొగుడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచే అలవాటు మాకు లేదు.

ఒక పొద్దున ఆయన బయటికి పోయాడు. మగ్గం ఆగి ఉంది. బిడ్డ ఖాళీ కండె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చెయ్యి చాచింది.

"ఏమే" అంది.

నేను బావురుమన్నాను. మా అత్త వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"మాటొచ్చింటే ఏడుస్తావేమే?"

"నన్నేమని పిలిచిందో విన్యావా అత్తా? నేనెవరో కూడా తెలీదు దానికి."

ఆమె బిడ్డ వైపు చూసింది, నా వైపు చూసింది. ఆమె కళ్లూ తడిశాయి.

"పో, పక్కింట్లో చారెడు తవుడు అడిగి తీసుకురాపో. నీ బిడ్డను నువ్వే కొనుక్కో" అంది.

మాటలు మానేసిన ఆ పక్కింటికే పరుగెత్తాను. తెచ్చిన తవుడు మా అత్త కొంగులో పోసి, బిడ్డను ఎత్తుకుని, మొదటిసారి తనివితీరా ముద్దుపెట్టుకున్నాను.

"అమ్మా అను" అన్నాను.

అది నా ముఖం తడిమి చూసి, "ఏమే" అంది.

"వచ్చినా తల్లీ" అన్నాను.