వదిన చూపించిన గోడలు

మొన్న మధ్యాహ్నం కొరియర్ అతను గేటు ముందు బండి ఆపి వదిన పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు బయటివాళ్ల నోట విని చాలా నెలలైంది. నేను వెళ్లి చెయ్యి చాపితే పొట్లం ఇవ్వలేదు. "ఆమెను పిలువుండ్రి, సంతకం గావాలె" అన్నాడు. లేదన్నాను. "ఎప్పుడొస్తరు?" అన్నాడు, మళ్లీ రావడానికి సిద్ధపడుతున్నట్టు. "ఇగ రాదు బిడ్డా, నాకియ్యి" అన్నాను. అతను నా ముఖం చూశాడు. ఫోన్ ముందు పెట్టి, వేలితో నా సంతకమే చెయ్యమన్నాడు. పొట్లం బరువుగా ఉంది. విప్పకముందే తెలిసింది, ఫోటోల పుస్తకం. వదిన తన పుస్తకాలన్నీ మా ఇంటి అడ్రసుకే తెప్పించుకునేది, మా అన్న కంట పడకుండా. పంపినవారి పేరు చూశాక వెంటనే విప్పబుద్ధి కాలేదు. బల్ల మీద పెట్టి టీ పెట్టుకున్నాను.

వదిన మా అన్న భార్య. బాన్సువాడలో వాళ్లిల్లు మా ఇంటికి రెండు గల్లీల అవతల. పోయిన వానాకాలంలో, ఎవరినీ పెద్దగా కష్టపెట్టకుండా, జ్వరం వచ్చి చనిపోయింది. ఆమె చేతిలో కెమెరా నేనెప్పుడూ చూడలేదు. ఫోన్‌లో ఫోటో తీయమంటే వేలు అడ్డం పెట్టేది. కానీ ఈ దేశంలో ఇప్పుడు ఎవరు ఎలాంటి ఫోటోలు తీస్తున్నారో, ఎవరి ఎగ్జిబిషన్ ఎక్కడ పెట్టారో, ఎవరి పుస్తకం అచ్చుకు వెళ్లిందో ఆమెకు తెలుసు. పక్కింటివాళ్లు సీరియళ్ల వెంట పడ్డట్టు ఈమె ఫోటోగ్రాఫర్ల వెంట పడింది. పెళ్లిళ్లకు తీసేవాళ్లు కారు, పేపర్లకు తీసేవాళ్లూ కారు. ఒకే గోడనో ఒకే ఒడ్డునో ఏళ్ల తరబడి తీసి, పెద్దగా అచ్చువేసి గోడకు తగిలించే మనుషులు.

ఇదంతా కంటి ఆపరేషన్‌తో మొదలైంది. హైదరాబాద్‌లో పొర తీయించుకుని, తర్వాత చూపించుకోవడానికి ఒక రోజు వెళ్లింది. డాక్టర్ రావడానికి ఇంకా టైముందన్నారు. ఎండాకాలం. రోడ్డుకు అవతల ఒక తెల్ల మేడ, అద్దాల తలుపు. లోపల చల్లగా ఉన్నట్టు కనిపించింది, పైగా టికెట్ లేదు. వదిన చెప్పులు బయట విప్పి లోపలికి నడిచింది. గోడల నిండా ఉప్పు మడుల ఫోటోలు. కొత్త కన్నుతో ఆమె మొదట తీరిగ్గా చూసింది వాటినేనట. "ఉప్పు గింత తెల్లగుంటదని నాకు ఎరుకలేకపాయె పిల్లా, ఇన్నేండ్లు కూరల ఏసుకుంటనే ఉన్న" అని ఇంటికొచ్చి నాతో అంది. ఆ చూడడంలో డాక్టర్ దగ్గర వంతు తప్పిపోయింది, ఇంకో రోజు రమ్మన్నారు. అలా రెండోసారి కూడా చూసింది. తర్వాత కన్ను బాగైపోయింది గానీ, వదిన మాత్రం ఎప్పుడు కొత్త ఎగ్జిబిషన్ పెడితే అప్పుడు "కండ్ల దవాఖానకు పోవాలె" అనేది. మావారు పోయాక, తోడు కావాలని చెప్పి నన్ను కూడా బస్సెక్కించడం మొదలుపెట్టింది. నిజానికి తోడు అవసరమైంది నాకు. ఆ సంగతి ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పొద్దటి బస్సుకు జొన్నరొట్టెలు, నువ్వుల కారం కట్టుకుని బయలుదేరేవాళ్లం. గ్యాలరీ ముందు చెప్పులు విప్పే అలవాటు ఆమె మానలేదు. బల్ల దగ్గర కూర్చునే అతను మొదట్లో వద్దని చెప్పి చూశాడు, తర్వాత ఊరుకున్నాడు. ఒకసారి మేం చూసి బయటికి వచ్చేసరికి వాకిట్లో బూట్లు, చెప్పులు గుడి ముందున్నట్టు పేరుకుని ఉన్నాయి. మా వెనక వచ్చినవాళ్లు మా చెప్పులు చూసి తామూ విప్పారన్నమాట.

ఫోటోగ్రాఫర్ల పేర్లు వదినకు బాగానే తెలుసు, పలికేది మాత్రం కాదు. తీసేదాన్ని బట్టి పిలిచేది. ఉప్పు మడులాయన, ట్రంకు పెట్టెల అమ్మ, రైళ్లల్ల పండుకున్నోళ్లను తీసే పిలగాడు. వాళ్లందరూ ఆమెకు చుట్టాలే. "ఉప్పు మడులాయన ఈసారి రంగులల్లకు దిగిండు, ఎవరు చెప్పిన్రో ఏమో" అని బాధపడేది. "మనిషి ముసలైతుండు. గందుకే ఆకాశం ఎక్కువ పెడుతుండు" అనేది. పుస్తకాల విషయంలో ఇంకా కఠినం. ఒక మంచి ఫోటోను రెండు పేజీల మీద పరిచి అచ్చువేస్తే మధ్యలో కుట్టు దగ్గర మనిషి ముఖం మడతలోకి పోయింది. వదిన ఆ పేజీని చేత్తో నిమిరి, "ఫోటో నడుము ఇరగ్గొట్టిన్రు" అంది.

పుస్తకం చూడడం మా ఇంట్లోనే. మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చేది. వచ్చీ రాగానే ముఖం కడుక్కునేది. కడుక్కునే ముందు నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి మా బీరువా అద్దానికి అంటించేది, తర్వాత దాన్ని మర్చిపోయి కొత్తది పెట్టుకునేది. ఎప్పుడూ ఒకటే రంగు, మెరూన్. చేతులు తుడుచుకుని, బల్ల మీద తువ్వాల పరిచి, దాని మీద పుస్తకం పెట్టి మెల్లిగా తెరిచేది. నేను బళ్లో తెలుగు చెప్పినదాన్ని. మొదటిసారి ఏదో ఫోటో చూసి "ఎంత బాగుంది" అన్నాను. "బాగున్నదంటే ఇగ అయిపోయినట్టే. ఏం కనవడుతుందో చెప్పు" అంది. చెట్టు అన్నాను. "ఇంకా?" నీడ అన్నాను. "నీడ ఎటు దిక్కు వడ్డది?" అంది. పిల్లల్ని నేను కూడా ఇంతలా అడగలేదు.

ఇక మా ఇంటి గోడ సంగతి. మావారి ఉద్యోగం జుక్కల్ వైపు. సాయంత్రం బస్సు దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా ముందుగదిలో కుర్చీలో కూర్చుని, తల వెనక్కి గోడకు ఆనించి కళ్లు మూసుకునేవారు. తలకు కొబ్బరినూనె బాగా పట్టించేవారు. ఏళ్లు గడిచేసరికి గోడ మీద అక్కడ ఒక గుండ్రటి మరక ఏర్పడింది. ఆయన ఉన్నప్పుడు ఆ మరక కోసం నేను ఎన్నిసార్లు పోట్లాడానో. ఆయన పోయాక ప్రతి ఉదయం లేచి మొదట దాన్నే చూసేదాన్ని. సంవత్సరీకం దగ్గర పడ్డాక మా అన్న, చుట్టాలొస్తారు కాబట్టి ఇంటికి రంగులు వేయించాలన్నాడు. అతను చెప్పింది సబబే. పెయింటర్ చాచాకు కబురు కూడా వెళ్లింది. నేను సరేనన్నాను. ఆ మరక పోతే ఆయన తల ఎంత ఎత్తున ఉండేదో చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ మిగలదు. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను. ఒక్క వదినకు చెప్పాను. "రేపు కండ్ల దవాఖానకు పోదాం" అంది.

ఆ రోజు పెద్ద గదిలో పేరున్న ఒకాయన ఫోటోలు. వెనక చిన్న గదిలో ఒక కొత్త అమ్మాయివి. ఆ అమ్మాయి తీసినవన్నీ జనం ఖాళీ చేసి వెళ్లిన కిరాయి ఇళ్ల గోడలు. క్యాలెండర్ తీసిన చోట తెల్లటి చతురస్రం, పిల్లల ఎత్తు కొలిచిన గీతలు, గోడకు కొట్టి తాడు కట్టిన ఇనప మొల. చివర్లో ఉన్న ఫోటోలో మంచం కాళ్ల గుర్తులు, వాటికి కాస్త పైన ఒక నూనె మరక. నేను దాని ముందు నిలబడ్డాను. వదిన ఈసారి ఏం కనవడుతుందని అడగలేదు.

కాసేపటికి ఆమెకు ఇంకో విషయం కనిపించింది. పెద్ద గదిలో కొన్ని ఫోటోల పక్కన ఎర్రటి చుక్కలు అంటించి ఉన్నాయి. చిన్న గదిలో ఒక్కటి కూడా లేదు. "జూసినవా, నచ్చినోళ్లు బొట్టు వెడుతున్నరు. గీ పిల్లకు ఒక్కరన్న పెట్టలే" అంది. నేను ఆపేలోగా నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి, ఆ మరక ఫోటో పక్కన వేలితో గట్టిగా అదిమింది. బయటికొచ్చి చెట్టు కింద రొట్టెలు తిన్నాం. చేసిన పని ఆమెకు చాలా తృప్తిగా ఉంది. "ఇగ దాన్ని జూసి ఇంకొకరు పెడ్తరు" అంది.

గొడుగు మర్చిపోయి వెనక్కి వెళితే లోపల కలకలంగా ఉంది. బల్ల దగ్గరి అతను కాగితాలు తిరగేస్తున్నాడు. చిన్న గది గుమ్మంలో ఆ అమ్మాయి ఫోన్‌లో, "అమ్మా, నిజంగానే. ఒకటి అమ్ముడుపోయింది. ఎవరు కొన్నారో కనుక్కుంటున్నారు" అంటోంది. ముఖం వెలిగిపోతోంది. వదిన నా వైపు చూసింది. నేను బల్ల దగ్గరి అతన్ని మెల్లిగా అడిగాను. ఎర్రచుక్క అంటే ఆ ఫోటో కొనేసినట్టట.

వదిన గొడుగు సంగతి మర్చిపోయింది. మేం గొడుగు లేకుండానే వెళ్లిపోవచ్చు, ఎవరికీ తెలియదు. ఆమె నేరుగా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, తన ఖాళీ నుదురు చూపించింది.

"బిడ్డా, గా బొట్టు నాది. కొన్నట్టని నాకు ఎరుకలేదు. నచ్చినోళ్లు పెడుతున్నరనుకున్న."

అమ్మాయి గోడను చూసింది, వదిన నుదుటిని చూసింది. "అయ్యో ఆంటీ, ఈపాటికి మా నాన్న బంధువులందరికీ చెప్పేసుంటాడు" అంది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వులో ఏడుపు కూడా ఉందని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. కొంచెం తేరుకుని, ఇన్నిట్లో ఆ ఫోటోకే ఎందుకు పెట్టారని అడిగింది.

"అది గోడ గాదు గదా, ఒకలి తలకాయ. మా మరదలింట్ల గూడ గట్లనే ఉన్నది. రేపు రంగు ఏస్తరు. దానికే ఆమెకు అన్నం పోతలేదు" అని వదిన నన్ను ముందుకు తోసింది.

మర్నాడు, రంగు పడేలోగా ఆ మరకను ఫోటో తీస్తానని, ఆ అమ్మాయి కెమెరా స్టాండు భుజాన వేసుకుని బాన్సువాడలో బస్సు దిగింది. అప్పటికే చాచా బకెట్లతో వచ్చి కూర్చున్నాడు. "దాగ్ కా ఫోటో కాయ్‌కు బేటీ? మనుషులు లేరా ఈ ఇంట్ల?" అన్నాడు. వెలుతురు గుమ్మంలోంచి గోడ మీదికి వచ్చేవరకు ఆగాలంది అమ్మాయి. చాచాకు టీ ఇచ్చాం, మళ్లీ ఇచ్చాం. "ముందే ఎరుకైతే నేను గూడ ఒక కెమెరా కొంటుంటి. ఎన్ని దాగులు చెరిపిననో" అన్నాడు. ఈలోగా మా అన్న వచ్చాడు. ఈ అమ్మాయి ఎవరని అడిగితే, ఆ అమ్మాయే అమాయకంగా ఎగ్జిబిషన్‌లో కలిశామని చెప్పింది.

"ఎగ్జిబిషనేంది? కండ్ల దవాఖానకు గదా పోయింది" అన్నాడు అన్న.

వదిన గోడను చూస్తూ నిలబడింది. అన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "వంటింట్ల పిల్లి జొరవడితే వాకిట్లకెంచే చెప్తది ఈమె. గీమెకు కండ్లు కనవడుతలేవంటే నేను ఇన్ని రోజులు నమ్మిన్నా? బస్సుకాడ దింపింది నేను గాదా?"

"మరి అడగకపోతివి" అంది వదిన.

"అడిగితే నన్ను గూడ తోలుకపోతవని భయం."

మావారి తల ఎక్కడ ఆనేదో చూడాలని అమ్మాయి నన్ను ఆ కుర్చీలో కూర్చోమంది. ఆయన పోయాక అందులో కూర్చోవడం అదే మొదలు. నా తల మరకకు జానెడు కిందే ఆగింది. అమ్మాయి కెమెరాలోంచి చూస్తోంది. "ఆమెను దియ్యకు బిడ్డా, గోడనే దియ్యి" అంది వదిన. నేను లేచి పక్కకు వచ్చాను. వెలుతురు వచ్చింది. ఫోటో తీయడం చిటికెలో అయిపోయింది.

చాచా లేచి బ్రష్ తీసుకున్నాడు. నూనె మరక మొండిదని, ప్రైమర్ వేయకపోతే ఎండాకాలానికి మళ్లీ పైకొస్తుందని చెప్పాడు. అన్న వేయమన్నాడు. అంతవరకు ఆ రంగుల విషయంలో నోరు తెరవని నేను, "చాచా, ప్రైమర్ వద్దు" అన్నాను. అన్న వదిన వైపు చూసి, చాచాకు సరేనని తలూపాడు. చాచా ఒక చెయ్యి పూత వేసి వెళ్లిపోయాడు. చుట్టాలొచ్చారు, గోడలు బాగున్నాయన్నారు. ఆ ఎర్రచుక్క ఫోటో మాత్రం అమ్ముడుపోలేదు. అయినా ఆ అమ్మాయి మానలేదు. వదిన చుట్టాల్లో ఇంకొకరు చేరారు, గోడల పిల్ల.

మొన్న వచ్చింది గోడల పిల్ల పుస్తకమే. వదిన పోయిన సంగతి ఆమెకు ఎవరు చెబుతారు? టీ తాగి, చేతులు కడుక్కుని, తువ్వాల పరిచి తెరిచాను. మధ్యలో మా ముందుగది ఉంది. కుర్చీ, దాని పైన గుండ్రంగా మరక. నడుము విరగ్గొట్టలేదు, ఒకే పేజీలో అచ్చువేశారు. చాలాసేపు చూసి, మిగతావి తిప్పుకుంటూ చివరి పేజీకి వచ్చాను. "ఏం కనవడుతుందో చెప్పు" అనే మనిషి పక్కన లేదు కాబట్టి నాకు నేనే పైకి చెప్పుకున్నాను. తెల్ల గోడ. ఫోటోలు తీసేసిన గ్యాలరీ గోడ. ఒక మొల. మొల నీడ ఎడమకు పడింది. మొలకు కుడివైపు, కొంచెం కిందుగా, ఒక మెరూన్ బొట్టుబిళ్ల.

లేచి బీరువా దగ్గరికి వెళ్లాను. అద్దం మీద అవే బిళ్లలు, మూలన వరసగా. మొన్న వదిన మర్చిపోయి వెళ్లినట్టే ఉన్నాయి. ముందుగదిలో గోడ మీద, చాచా చెప్పినట్టే, ఈ ఎండాకాలం మరక లీలగా పైకి తేలింది. అన్న చూసి మళ్లీ రంగు వేయిద్దామా అన్నాడు, వచ్చే ఏడు చూద్దామన్నాను. కాలం అన్నీ చెరిపేస్తుందని అందరూ అంటారు. మా ఇంట్లో మాత్రం అది కూడా చాచా లాగే వచ్చింది. ఒక చెయ్యి పూత వేసి, టీ తాగి వెళ్లిపోయింది.