బ్యాగులో పదహారు కర్రలు

డిగ్రీ అయిన ఏడాది ఒంగోలులో ఒక గ్రానైట్ ఎగుమతి కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. ఇంగ్లీషులో ఉత్తరాలు టైపు చెయ్యడం, బయటి దేశాల నుంచి బేరానికి వచ్చినవాళ్లతో మాట్లాడటం నా పని. చేరిన రోజే మేనేజరు నా టెన్త్, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగి తీసుకున్నాడు.

"ఆడపిల్లలు పని నేర్చుకోగానే వెళ్లిపోతున్నారమ్మా. అందుకని సార్ తన దగ్గరే పెట్టుకుంటారు" అన్నాడు.

అవి యజమాని గదిలోని ఇనప బీరువాలోకి వెళ్లాయి. ఆఫీసులో అందరివీ అందులోనే ఉన్నాయి కాబట్టి నేనూ ఏమీ అనలేదు.

మా అమ్మ గుంటూరు వైపు ఒక పల్లెలో మిషన్ స్కూలు టీచరు. నేనూ టీచర్నే కావాలనుకున్నాను. కొన్నాళ్లు ఉద్యోగం చేసి బీఎడ్‌లో చేరాలని నా ఆలోచన. లేడీస్ హాస్టల్లో ఉంటూ, ఆదివారం పొద్దున చర్చికి వెళ్లొచ్చి, మధ్యాహ్నం ఎంట్రన్సు పుస్తకాలు ముందేసుకునేదాన్ని. గోల్ఫ్ వచ్చాక ఆ ఆదివారాలు పోయాయి.

మా యజమాని బెంగుళూరు వెళ్లినప్పుడు, రాయి కొనే పెద్దమనుషులు గోల్ఫ్ ఆడుతూ బేరాలు తేల్చుకోవడం చూశాడట. తిరిగి వచ్చేటప్పుడు తోలు బ్యాగు నిండా స్టిక్కులు కొనుక్కొచ్చాడు. చీమకుర్తి దగ్గర క్వారీ పక్కనున్న తన బీడును ప్రొక్లెయిన్‌తో చదును చేయించి, ఆరు గుంటలు తీయించాడు. గడ్డి బతకలేదు. గుంటల చుట్టూ ఇసక పోయించి, అది గాలికి లేవకుండా కాలిన ఇంజనాయిలు చల్లించాడు. బ్లాకులు మోసుకుపోయే లారీల డ్రైవర్లు బండ్లు నిదానం చేసి మరీ చూసి నవ్వుకునేవాళ్లు.

ఆట నిబంధనల పుస్తకం ఒకటి నా బల్లమీద పెట్టి, "ఇది చదివి నాకు తెలుగులో చెప్పమ్మా. ఆదివారం వచ్చి స్కోరు రాయి" అన్నాడు. అడగడం కాదు, చెప్పడం.

బ్యాగు మోసే పని మా ఆఫీసు అటెండరు మీద పడింది. యాభై దాటిన ముస్లిం పెద్దాయన. పాలిషింగ్ యూనిట్లో ఏళ్ల తరబడి రాయి ఎత్తి నడుం పోయాకే ఆఫీసులోకి మార్చారు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. నీడ లేని ఆ బీడులో ఆయన బ్యాగు భుజాన వేసుకుని ఒక పక్కకు ఒరిగి నడుస్తుంటే, వెనక గొడుగు, స్కోరు అట్ట పట్టుకుని నేను నడిచేదాన్ని.

బెంగుళూరు వెళ్లిన ప్రతిసారీ యజమాని కొత్త స్టిక్కు తెచ్చేవాడు. ఇసకలోంచి కొట్టేందుకు ఒకటి, గాలి ఎదురైతే కొట్టేందుకు ఒకటి. పాతవి మాత్రం తీసేవాడు కాదు. నేను పుస్తకంలో ఆ నిబంధన దగ్గరికి వచ్చేసరికి బ్యాగులో పదహారు ఉన్నాయి. ఆట మొదలుపెట్టే మనిషి దగ్గర పద్నాలుగు స్టిక్కులకు మించి ఉండకూడదని రాసి ఉంది. మించితే, అలా ఆడిన ఒక్కో గుంటకు శిక్షగా రెండేసి దెబ్బలు స్కోరులో కలుపుతారు. మొత్తం మీద నాలుగుకు మించి కలపరు. ఈ ఆటలో తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలిచినట్టు. వెనకటికి ఆటగాళ్లు ఇరవై, ముప్పై కర్రలు మోయించేవాళ్లనీ, మోసేవాళ్లు పడే అవస్థ కూడా ఆ నిబంధనకు ఒక కారణమనీ బెంగుళూరు కోచ్ చెప్పినట్టు యజమానే ఒకసారి అన్నాడు.

నేను బాబాయ్‌కి ఆ మాట చెప్పాను. ఆయన మొహం వెలిగింది.

"అట్టయితే రెండు తీసెయ్యమని చెప్పమ్మా సార్‌కి. పుస్తకంలో ఉందంటే వింటాడు."

చెప్పాను. యజమాని నవ్వాడు.

"మన గ్రౌండు, మన స్టిక్కులు. ఎవడొచ్చి లెక్కపెడతాడమ్మా? నువ్వు స్కోరు రాయి చాలు."

ఎండాకాలం దాటాక జపాన్ నుంచి ఒక పెద్దాయన రాయి చూడటానికి వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. గోల్ఫ్ ఆడతాడని తెలిసి యజమాని ఆదివారం ఆట పెట్టించాడు. ఆయన తన బ్యాగు తనే మోసుకుంటానన్నాడు. ఆట మొదలవకముందు నేను యజమాని పక్కకు వెళ్లి మెల్లగా చెప్పాను.

"సార్, ఇవాళైనా రెండు తీసేద్దాం సార్. ఆయనకు నిబంధనలు తెలిసుంటాయి."

మొహం మీద నవ్వు చెదరకుండా తెలుగులోనే అన్నాడు: "నోరు మూసుకుని రాస్తావా, లేదా?"

ఏమంటోందని అతిథి అడిగాడు. "మనిద్దరికీ ఆల్ ది బెస్ట్ చెబుతోంది" అన్నాడు యజమాని. అతిథి నా వైపు తిరిగి తల వంచాడు. నేనూ వంచాను.

రెండు గుంటలు ఆడారు. అతిథి ఆట చక్కగా సాగింది. మూడో గుంటకు బయల్దేరబోతూ ఆయన తన బ్యాగులో ఏదో వెతుక్కుంటూ ఆగిపోయాడు. ఒక స్టిక్కు బయటికి తీసి చూసి, మళ్లీ అన్నీ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత ఇంగ్లీషులో నాతో అన్నాడు:

"అమ్మా, ఇది నా స్నేహితుడిది. ఎట్లా కలిసిందో తెలీదు. నా దగ్గర పదిహేనున్నాయి. నాకెన్ని దెబ్బలు కలపాలి?"

పుస్తకం నా చేతిలోనే ఉంది. యజమాని నన్నే చూస్తున్నాడు. బాబాయ్ బ్యాగు దించకుండా అలాగే నిలబడి ఉన్నాడు. రెండు గుంటలకు కలిపి నాలుగు అని చెప్పాను. అతిథి థాంక్స్ చెప్పి, ఆ స్టిక్కును బ్యాగులో తలకిందులుగా పెట్టి, ఇక దాన్ని వాడనన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మర్యాద కోసమే అనుకుంటాను, యజమానిని అడిగాడు.

"మీవి సరిగానే ఉన్నాయి కదా?"

"ఓ, పర్ఫెక్ట్. మా అమ్మాయి లెక్కపెడుతుంది. ఏమ్మా, పద్నాలుగేగా?"

పదహారు అంటే బీరువా తాళం ఇక ఎప్పటికీ తెరుచుకోదు. పద్నాలుగు అంటే, తన తప్పు తానే చెప్పుకున్న మనిషి కళ్లలోకి చూసి అబద్ధమాడాలి. ఎటూ కదిలే దారి లేదు. చివరికి, "పొద్దున లెక్కపెట్టాను సార్" అన్నాను. ఎన్నో చెప్పలేదు. అతిథి నన్ను కాసేపు చూశాడు, బాబాయ్ భుజాన వేలాడుతున్న బ్యాగును చూశాడు. ఇంకేమీ అడగకుండా బంతి దగ్గరికి నడిచాడు.

ఆ రోజు యజమాని రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. అతిథి చెయ్యి కలిపి అభినందించాడు. ఆయన కార్డు మీద నాలుగు కలిపి రాసింది నా చెయ్యే.

సోమవారం నేను యజమాని గదిలోకి వెళ్లి సర్టిఫికెట్లు అడిగాను. ఎంట్రన్సులో ర్యాంకు వచ్చిందనీ, బీఎడ్ కౌన్సెలింగుకు ఒరిజినల్స్ చూపించాలనీ చెప్పాను.

"ఇప్పుడా? సీజన్లో వదిలేసి పోతావా? చూద్దాంలే" అన్నాడు.

ఆ చూద్దాం కౌన్సెలింగు తేదీ దాటేదాకా సాగింది. ర్యాంకు కార్డు హాస్టల్లో పెట్టె అడుగున ఉండిపోయింది. అమ్మకు మాత్రం సెలవు దొరకలేదని ఎస్‌టీడీ బూత్ నుంచి చెప్పాను. మళ్లీ ఆదివారాలు, మళ్లీ గొడుగు. క్వారీలో పేలుడుకు ముందు సైరన్ మోగితే అందరం తలలు వంచుకుని నిలబడేవాళ్లం. ఆ దుమ్ము అణిగేదాకా నిలబడటం కూడా నాకు ఉద్యోగంలో భాగమైపోయింది.

చలికాలంలో ఒక ఆదివారం బాబాయ్ బ్యాగు కింద పెట్టడానికి వంగి, మళ్లీ లేవలేకపోయాడు. జీపులో ఇంటికి పంపారు. పై వారం బ్యాగు ఇంకొకరి భుజాన ఉంది, స్టిక్కులన్నీ దాంట్లోనే ఉన్నాయి. నేను చూడటానికి వెళితే ఆయన నులక మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. భార్య నడుముకు కాపడం పెడుతోంది.

"నీ కాగితాలు ఇచ్చాడా?" అని అడిగాడు.

"లేదు బాబాయ్."

"మీ అమ్మకి చెప్పావా?"

"చెబితే బాధపడుతుంది."

"బాధపడనియ్యి. ముందు చెప్పు. ఒక్కదానివే ఎన్నాళ్లు నిలబడతావ్?"

అదే రోజు బూత్‌కి వెళ్లి అమ్మకు అంతా చెప్పాను.

"ముందే ఎందుకు చెప్పలేదే?" అంది అమ్మ. తిట్టలేదు.

శుక్రవారం పొద్దున్నే ఒంగోలు దిగింది. ఇస్త్రీ చేసిన నేత చీర, చేతిసంచి. నేరుగా మా ఆఫీసుకు వచ్చి, అతిథులు కూర్చునే సోఫాలో కూర్చుంది. యజమాని వచ్చి ఎవరని అడిగాడు.

"మా అమ్మాయి సర్టిఫికెట్ల కోసం వచ్చానండి. నాకేం తొందర లేదు. మీ పని చూసుకోండి."

"ఇవాళ కుదరదమ్మా, మళ్లీ కబురు చేస్తాను."

"కుదిరినప్పుడే ఇవ్వండి బాబూ. ఇక్కడే కూర్చుంటాను."

కూర్చుంది. భోజనానికి కూడా లేవలేదు. మధ్యాహ్నం రాయి కొనడానికి ఇద్దరు తెల్లవాళ్లు వచ్చారు. అమ్మ లేచి, క్లాసులో చెప్పినట్టు స్పష్టంగా గుడ్ ఆఫ్టర్నూన్ చెప్పింది. ఎవరండీ మీరని వాళ్లు మర్యాదగా అడిగారు. నేను టైపు చెయ్యడం ఆపాను.

"నేను టీచర్ని. ఈ కంపెనీవాళ్లు నా కూతురి సర్టిఫికెట్లు దాచిపెట్టారు. అవి తీసుకెళ్లడానికి వచ్చాను" అంది ఇంగ్లీషులో, ఉన్నదున్నట్టు.

వాళ్లు యజమాని వైపు చూశారు. ఆయన నవ్వాడు. ఆ నవ్వు నేను ఎరిగినదే. "ఇస్తున్నామండీ, ఇదుగో" అంటూ గదిలోకి వెళ్లి బీరువా తెరిచాడు. కవరు తెచ్చి అమ్మ చేతికిచ్చి, గొంతు తగ్గించి, "ఇలాంటి ఉద్యోగం మీ అమ్మాయికి మళ్లీ దొరకదు" అన్నాడు.

"చూసుకుంటాంలెండి" అంది అమ్మ.

ఒక్కొక్క కాగితం విప్పి, పేరూ మార్కులూ చదువుకుని, అన్నీ ఉన్నాయని తేల్చుకున్నాకే గడప దాటింది. నేను ఆమె వెనక నడిచాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. బయటపడ్డానన్న సంతోషం వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. ఆదివారం ఎవరో వచ్చి పిలుస్తారన్న భయం ఇంకా గుండెలోనే ఉంది. అద్దంకి దాటాక మా ముందు మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకున్న లారీ ఒకటి వచ్చి చేరింది. బస్సంతా తుమ్ములు, దగ్గులు. కండక్టరు అద్దాలు వెయ్యమని అరిచాడు. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, సంచిలోంచి పెరుగన్నం డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది.

"పొద్దుట్నుంచీ ఏం తినలేదు నువ్వు. తిను" అంది.

తిన్నాను. కళ్లమ్మట నీళ్లు కారుతూనే ఉన్నాయి. కారపు ఘాటుకేలే అనుకుని అమ్మ ఏమీ అడగలేదు.